పెట్టిన అంకె పెట్టినట్టే ఉండాలి

లినక్స్ సర్వర్‌లో డిస్కుకు ఒక్కో విడతలో ఎంత డేటా పంపాలో చెప్పే అంకె ఒకటుంది: మ్యాక్స్ సెక్టార్స్ కేబీ. చాలా ఏళ్లు దాని డిఫాల్టు 1280 కిలోబైట్లు. బ్యాకప్‌లు జోరుగా నడిచేచోట అడ్మిన్లు దాన్ని పెంచుకుంటారు. డేటాబేస్ ఉన్నచోట, పెద్ద రైట్‌ల వెనక చిన్న రీడ్‌లు క్యూలో చిక్కుకోకుండా 256కి దించుతారు. ఇది ఎక్కడో చూసి పెట్టేసే అంకె కాదు. లోడు నడిపి, కొలిచి, మార్చి, మళ్లీ కొలిచి తేల్చుకున్నది.

అది పోయేది మాత్రం చడీచప్పుడు లేకుండా. స్టోరేజీలో లన్ (సర్వర్‌కు డిస్కుగా కేటాయించిన భాగం) సైజు పెంచారు, కొత్త సైజు కనబడాలని రీస్కాన్ కొట్టారు. డ్రైవర్ డిస్కును మళ్లీ పరీక్షించి పరిమితులన్నీ కొత్తగా రాసుకునేది. 256 ఉన్నచోట 1280 వచ్చేది. వారం తర్వాత డేటాబేస్ మందగించిందని ఫిర్యాదు వస్తే, ఆ రీస్కాన్ ఎవరికి గుర్తుంటుంది?

అలాగని సెట్టింగ్ డిఫాల్టుకు పోవడం ప్రతిసారీ తప్పు కాదు. ఐడీఈ డిస్కుల రోజుల్లో మార్క్ లార్డ్ రాసిన హెచ్‌డీపార్మ్ అనే టూల్‌లో, సాఫ్ట్ రీసెట్ తర్వాత కూడా డీఎంఏ వంటి సెట్టింగులను నిలిపి ఉంచే ఫ్లాగ్ ఉండేది. డిఫాల్టుగా అది ఆఫ్. ఆన్‌లో ఉండి సెట్టింగే తేడా అయితే ఎర్రర్, రీసెట్, అదే సెట్టింగ్, మళ్లీ ఎర్రర్: డిస్కు ఆ చక్రంలోంచి బయటపడదు. సిస్టమ్ సరిగా నడుస్తోందన్న నమ్మకం కుదిరాకే దాన్ని ఆన్ చేయమంటుంది మాన్యువల్. సబబైన జాగ్రత్తే.

రీస్కాన్ సంగతి వేరు. అక్కడ ఏదీ చెడిపోలేదు, వెనక్కి పోవాల్సిన అవసరమూ లేదు.

2017లో మార్టిన్ పీటర్సన్ స్కజీ డిస్క్ డ్రైవర్‌ను సరిదిద్దారు. డిస్కును మొదటిసారి చూసినప్పుడే డిఫాల్టు. ఆ తర్వాత అంకె హార్డ్‌వేర్ శక్తిని మించితేనే ముట్టుకోవాలి. 2023లో కీత్ బుష్ మార్పుతో బ్లాక్ లేయర్ యూజర్ కోరిన విలువను విడిగా దాచుకోవడం మొదలుపెట్టింది. డిఫాల్టు కావాలంటే 0 రాస్తే చాలు. ఈ పనిలో మెచ్చుకోవాల్సింది ఆ 0నే. వదులుకునే నిర్ణయం కూడా యూజర్ చేతికే వచ్చింది.

పాత కెర్నల్ వాడేవాళ్లు, డిస్కు కనబడగానే ఈ అంకె పెట్టే యూడెవ్ రూల్‌లో యాడ్ ఈవెంట్‌తో పాటు చేంజ్ కూడా రాసుకోవాలి. ఒట్టి యాడ్ రాస్తే బూట్‌లో పనిచేస్తుంది, రీస్కాన్ తర్వాత పనిచేయదు. ఎలా రాసినా, రీస్కాన్ కొట్టాక మ్యాక్స్ సెక్టార్స్ కేబీ ఫైలు ఒకసారి తెరిచి అంకె చూసుకోవడం మానకూడదు.