తోటరాముడి కోరికలు

జానపద చిత్రాన్ని పలాయన సాహిత్యమని ఒక్కమాటతో కొట్టిపారేయడం మన విమర్శకులకు అలవాటయింది. నాకది సోమరి విమర్శగా తోస్తుంది. కత్తీ, కిరీటమూ వున్నంతమాత్రాన కథలో జీవితం లేదనుకోకూడదు. 1951లో వెలువడిన 'పాతాళభైరవి'నే తీసుకుందాం. దర్శకుడు కె. వి. రెడ్డి మన తాడిపత్రిలో పుట్టినవాడు; రచన పింగళి నాగేంద్రరావుది.

తోటమాలి కొడుకు రాకుమారిని ప్రేమించాడు. తనతో సమానమైన సంపద తెచ్చుకుంటే పిల్లనిస్తానన్నాడు రాజు. అసలు వొత్తిడి యిక్కడున్నది. నేపాళ మాంత్రికుడు చూపిన ఆశ దీని వెనకనే వస్తుంది. రాముణ్ణి భైరవికి బలియిచ్చి ఆ శక్తిని చేజిక్కించుకోవాలని వాడి పన్నాగం. అది తెలిసి రాముడు వాణ్ణే బలియిస్తాడు. బేతాళ కథల చివర విక్రమార్కుడు కపట భిక్షువుకు చేసిందీ యిదే. జనం చప్పట్లు కొట్టే ఘట్టమిది. కాని నైతికంగా తేలికయినది: చంపవచ్చినవాణ్ణి చంపడంలో సందేహానికి తావెక్కడ?

కఠినమైన పరీక్ష ఆ తరువాతది. అడిగింది యిచ్చే ప్రతిమ చేతికొచ్చింది. పడుచువాడు ఏమడిగాడు? మేడ అడిగాడు; రాజుతో సరితూగే ఐశ్వర్యం అడిగాడు. మనిషిని ధనంతో తూచే ఆ తక్కెడను ఎదిరించలేదు సరిగదా, తానే వెళ్ళి అందులో కూర్చున్నాడు. (ఆ వేషం వేసిన ఎన్. టి. రామారావే 1952లో రాయలసీమ కరువు కోసం జోలె పట్టి విరాళాలడిగాడు.) పెళ్ళివేళ మాంత్రికుడు మేడనూ, రాకుమారినీ మాయం చేస్తాడు. రాముడు పునరాలోచించుకోవడానికి కథ యిచ్చిన అవకాశమిది. అతను బయలుదేరేది మాత్రం పోయినవి తిరిగి తెచ్చుకోవడానికే.

బాలనాగమ్మ కథలో బాలవర్ధి యింకా పసివాడు. తల్లిని చెరపట్టిన మాయల ఫకీరు ప్రాణం చిలకలో వున్నదని తెలుసుకుని దాన్ని సాధిస్తాడు. అక్కడ విడుదలయేది తల్లి ఒక్కతే కాదు. రాళ్ళయి పడివున్న వాళ్ళంతా తిరిగి మనుషులవుతారు.

ఈ తేడా అనంతపురంలో పాఠం చెప్పేవాడికి గట్టిగా తగులుతుంది. ఏడాదికి దాదాపు 550 మిల్లీమీటర్ల వాన పడే మెట్టసీమ యిది. వేరుశనగ ఎండి అప్పు మిగిలిన యింటి కుర్రవాడికీ రాజు షరతు వంటిదే ఎదురవుతుంది: ముందు సంపాదించు, తరువాత మాట్లాడు. చదువు మాని బెంగుళూరు బస్సెక్కేవాణ్ణి స్వార్థపరుడనే హక్కు నాకు లేదు. వాడికి కావలసింది మేడ కాదు, వడ్డీ కట్టే డబ్బు. రాముడింటి లేమిని గురించి చిత్రం యిటువంటి లెక్కేదీ చూపదు. రాకుమారికి తగనివాడనిపించడానికే అది పనికొచ్చింది. ఆ లెక్క చూపివుంటే రాముడి కోరికను నేనింతగా నిలదీసేవాణ్ణి కాను.