ఆటపెట్టెకు ఒక జోడీ

ఎలక్ట్రానిక్స్ మీద మక్కువ ఉన్నవాళ్ళకు మా వైపు కరువు లేదు. మదనపల్లెలో, పుంగనూరులో, కుప్పంలో వీధికి ఒక్కరైనా కనిపిస్తారు. పాత రేడియోను విప్పి చూసినవాళ్ళు, వినాయకచవితి పందిరికి సీరియల్ సెట్లు సొంతంగా కట్టేవాళ్ళు, ఆర్డుయినో బోర్డు తెప్పించుకుని ఒక ఎల్ఈడీని మినుకుమనిపించి అల్మారాలో పెట్టేసినవాళ్ళు. కరువంతా జోడీకే. ఒకరు ఆపిన చోటునుంచి పనిని ఇంకొకరు అందుకునే జత దొరకడం కష్టం. ఆటపెట్టెలు తయారుచేయడం మొదలుపెట్టాక ఆ జత విలువ నాకు బాగా తెలిసింది.

ఆటపెట్టె అంటే ఏమిటో చెప్పాలి. జపాన్‌లో పుట్టి ప్రపంచమంతా పాకిన ఎయిర్‌సాఫ్ట్ అనే ఆట ఉంది. 6 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ గుండ్లు పేల్చే బొమ్మ తుపాకులతో రెండు జట్లు ఆడతాయి. ఆ తుపాకుల మీద నాకు ఆసక్తి లేదు, మన పిల్లల చేతికి అవి రావాలని కూడా కోరుకోను. నన్ను పట్టుకున్నది ఆ మైదానం నడుమ ఉండే పెట్టె. దానిమీద ఎర్ర బటన్ ఒకటి, నీలం బటన్ ఒకటి ఉంటాయి. ఏ జట్టు వాళ్ళు వచ్చి తమ బటన్‌ను 10 సెకండ్లు వదలకుండా నొక్కిపడితే ఆ క్షణంనుంచి పెట్టె వాళ్ళది. వాళ్ళ రంగు దీపం వెలుగుతుంది, వాళ్ళ గడియారం నడుస్తుంది. అవతలి జట్టు వచ్చి గుంజుకుంటే ఇవతలి గడియారం ఆగి అవతలిది కదులుతుంది. ఆట ముగిసేసరికి ఎవరి లెక్క ఎక్కువైతే వాళ్ళు గెలిచినట్టు. తుపాకి లేకుండా, వట్టి పరుగుతో, తాకితే ఔట్ అనే మన పాత నియమంతో ఈ ఆట ఎంత బాగా సాగుతుందో కాయకోత అయిపోయిన మామిడితోపులో ఒక్కసారి ఆడి చూస్తే తెలుస్తుంది.

ఇందులో నా వాటా ప్రోగ్రాం రాయడం. అది ఇంట్లో ఒంటరిగా కూర్చుని చేసుకునే పని. పెట్టెను నడిపే ఆర్డుయినో బోర్డు 2005లో ఇటలీలోని ఇవ్రియా అనే ఊరి డిజైన్ విద్యాసంస్థలో, ఎలక్ట్రానిక్స్ చదవని విద్యార్థుల కోసం పుట్టింది. అందుకే నాలాంటివాడు కూడా దాన్ని పట్టుకోగలిగాడు. మా బోర్డు మీది చిప్‌లో ప్రోగ్రాంకు 32 కిలోబైట్ల చోటు, పని చేసుకోవడానికి 2 కిలోబైట్ల జ్ఞాపకం ఉంటాయి. రెండు బటన్ల ఆటకు అదే ఎక్కువ. అయితే టేబుల్ మీద చక్కగా నడిచే పెట్టె తోపులోకి పోగానే వేరే లోకంలో పడుతుంది. అక్కడ ఎండ, దుమ్ము, పిల్లల చేతులు. వాటి సంగతి తెలిసిన మనిషి నాకు కావలసి వచ్చాడు.

ముందు చదువుకున్నవాళ్ళలోనే వెతికాను. అంగళ్ళు అనే ఊరి దగ్గర ఇంజినీరింగ్ విద్యార్థులున్నారు, తెలివికి తక్కువ లేదు. కానీ వాళ్ళ ఏళ్ళు నాలుగే, ఆ తరవాత బెంగళూరు. కుప్పంనుంచి రోజూ రైలెక్కి బెంగళూరు పోయివచ్చే కుర్రవాళ్ళకు మిగిలేది ఆదివారం, అదీ నిద్రకే చాలదు. పైగా వాళ్ళకు తెలిసింది, నాకు తెలిసింది ఒకటే. ఇద్దరం కూర్చుంటే ఒకే ప్రోగ్రాం గురించి మాట్లాడుకుంటాం తప్ప పెట్టెకు బందులు ఎక్కడ వేయాలో ఇద్దరికీ తెలియదు.

జోడీ పుంగనూరులో దొరికాడు. మైక్‌సెట్ నడుపుతాడు. పెళ్ళిళ్ళు, జాతర్లు, చవితి పందిళ్ళు ఆయన బతుకుతెరువు. పెట్టె బొమ్మ గీసిన కాగితం చూపిస్తే బోర్డు ఏమిటని అడగలేదు. "దీన్ని ఎవురు మోసేది సామీ? పిల్లకాయలు కింద పడేస్తే? శబ్దం ఎంత దూరం పోవాల?" అన్నాడు. మూడు ప్రశ్నలకూ నా దగ్గర జవాబు లేదు. పెట్టెకు జోడీ దొరికాడని నాకు అప్పుడే అనిపించింది.

ఆయన తెచ్చిన జ్ఞానం ఎలాంటిదో రెండు మూడు వివరాలు చెబితే గాని తెలియదు. మా పెట్టెకు 12 వోల్టుల బ్యాటరీ, బోర్డుకు కావలసింది 5 వోల్టులు. 7805 అనే మూడు కాళ్ళ భాగం పెడితే పని జరుగుతుంది గానీ, మిగిలిన 7 వోల్టులనూ అది వేడిగా మార్చేస్తుంది. అర ఆంపియర్ కరెంటు లాగితే 3.5 వాట్ల వేడి. మూతపెట్టిన పెట్టెలో, ఏప్రిల్ ఎండలో అది చిన్న సంగతి కాదు. ఆయన దాన్ని పక్కన పెట్టి, పెద్దగా వేడెక్కకుండా వోల్టేజి దించే బక్ కన్వర్టర్ వేశాడు. తోపు చివరిదాకా వినబడాలని ఆటో హారన్ తగిలించాం. హారన్ మోగినప్పుడు బ్యాటరీ వోల్టేజి ఒక్క లిప్త కిందికి జారుతుంది, ఆగినప్పుడు రిలే చుట్టలోంచి ఎదురు పోటు వస్తుంది. ఆ రెండింటిలో ఏది తగిలినా బోర్డు స్పృహ తప్పి ఆటను మొదటినుంచి పెడుతుంది. రిలే మీద ఒక డయోడ్, బోర్డు దగ్గర ఒక పెద్ద కెపాసిటర్ పెడితే సరిపోతుందని ఆయనకు పుస్తకం చెప్పలేదు. ఏళ్ళ తరబడి జనరేటర్ కరెంటు మీద ఆంప్లిఫయర్లు నడిపిన చెయ్యి చెప్పింది.

అటువైపు నా చేతిలో ఉన్నది కూడా ఆయనకు కొత్తే. బటన్ ఒక్కసారి నొక్కితే లోపలి రేకులు కొన్ని మిల్లీసెకండ్లపాటు ఎగిరెగిరి తగులుతాయనీ, చిప్ దాన్ని పలుమార్లు నొక్కినట్టు లెక్కపెడుతుందనీ, ఆ కాస్త సమయం ఆగి చూడమని ప్రోగ్రాంలో చెప్పాలనీ వివరిస్తే ఆయన ముఖం వెలిగింది. బ్యాటరీ తీగ ఊడినా లెక్క పోకూడదని ఆయన అడిగాడు. చిప్‌లో కరెంటు పోయినా చెరగని చిన్న చోటు ఉంది, కానీ అక్కడ ఒక గడిలో సుమారు 1,00,000 సార్లు రాసేవరకే హామీ. సెకండుకోసారి రాస్తే 28 గంటల ఆటకు ముందే ఆ హామీ తీరిపోతుంది. అందుకని పెట్టె చేతులు మారినప్పుడు మాత్రమే రాసేలా చేశాం. అవసరం ఆయనది, ఉపాయం నాది.

ఇద్దరి మధ్య కాగితం ఉండాలన్నది నేను గట్టిగా నమ్మే సంగతి. 1919 ఫిబ్రవరిలో రవీంద్రుడు మదనపల్లెలో బిసెంట్ థియొసాఫికల్ కాలేజీలో విడిది చేసి జనగణమనను ఇంగ్లీషులోకి రాశాడని మా ఊళ్ళో అందరికీ తెలుసు. నాకు అంతకన్నా ముఖ్యంగా తోచేది ప్రిన్సిపాల్ భార్య మార్గరెట్ కజిన్స్ చేసిన పని. పాట ఆయన గొంతులో ఉంది. ఆమె పాశ్చాత్య సంగీతం చదివిన మనిషి. ఆ వరసను స్వరలిపిలో కాగితం మీద పెట్టింది. మాకు వైరింగ్ బొమ్మ అలాంటిది. ఏ తీగ ఏ కాలికి పోతుందో, ఏ రంగు దేనికో రాసిన ఆ కాగితాన్ని పెట్టె మూత లోపలివైపు అంటించాం. నేను మదనపల్లెలో ఉన్నా పుంగనూరులో ఆయన ఒక్కడే పెట్టెను బాగుచేయగలడు, ఆయన జాతరకు పోతే నేను చేయగలను.

మూడో మనిషి కుప్పంలో కలిశారు, ఒక బడిలో సైన్స్ చెప్పే మేడం. కుప్పం దగ్గర గుడుపల్లె మండలంలో అగస్త్య ఫౌండేషన్ వాళ్ళకు 172 ఎకరాల ప్రాంగణం ఉంది. 1999లో మొదలైన ఆ సంస్థ సైన్స్ నమూనాలను వాహనాల్లో ఎక్కించి పల్లెబడులకు తీసుకుపోతుంది, పిల్లలచేతనే తోటిపిల్లలకు పాఠం చెప్పిస్తుంది. ఆ గాలి సోకిన ప్రాంతంలో పెట్టెను పిల్లల ముందు పెడితే వాళ్ళు ముందు అడిగేది "లోపల ఏముంది?" అని. అందుకే మూతను స్క్రూలతో కాకుండా చేత్తో తిప్పే మరలతో బిగించాం. మేడం మాత్రం ఆటను చూశారు. "ఓడిపోయే జట్టుకు కడదాకా ఆశ ఉండాల కదా సార్" అన్నారు. దాంతో చివరి 2 నిమిషాలకు లెక్క రెట్టింపు అయ్యేలా మార్చాను. ప్రోగ్రాంలో అది ఒక్క వరస. కానీ మైదానం అంచున నిలబడి, దిగాలుపడిన పిల్లల మొహాలు చూసినవాళ్ళకే ఆ వరస తడుతుంది.

తెలుగు విషయంలో మాత్రం నేను పట్టు విడవలేదు. చవకగా దొరికే 16 అక్షరాల రెండు వరసల ఎల్‌సీడీలో మనం సొంతంగా గీసుకునే గుర్తులకు 8 గళ్ళే ఉంటాయి, అందులో ఒక్కొక్కటి 5 చుక్కల వెడల్పు, 8 చుక్కల ఎత్తు. మన గుణింతాలూ ఒత్తులూ అందులో ఇమడవు. ఇంగ్లీషులో పెట్టేస్తే తేలికే, కానీ మన తోపులో మన పిల్లలు ఆడే పెట్టె ఇంకో భాషలో పలకడం నాకు ఇష్టం లేదు. మెమరీ కార్డునుంచి పాటలు వినిపించే చిన్న ఎంపీ3 మాడ్యూల్ కొని, మైక్‌సెట్ ఆయన గొంతునే రికార్డు చేశాం. "ఎర్రోళ్ళు పట్టేసినారు!" అని పెట్టె అరిస్తే నీలం జట్టు పిల్లలు ఎటున్నా పరుగెత్తుకొస్తారు.

ఒక జాగ్రత్త చెప్పి తీరాలి. ఈ రకం పెట్టెల బొమ్మలు వెతికితే సగం బాంబు ఆకారంలోనే కనిపిస్తాయి: అంకెలు తగ్గుతూ పోయే గడియారం, రంగు తీగలు, గొట్టాలు. అది మన దారి కాదు. 2015లో అమెరికాలో టెక్సస్ రాష్ట్రంలో 14 ఏళ్ళ కుర్రవాడు సొంతంగా అమర్చిన గడియారాన్ని బడికి తెస్తే బాంబు నమూనా అనుకుని పోలీసులు చేతులకు సంకెళ్ళు వేశారు. తరవాత కేసు లేదన్నారు, కానీ ఆ బిడ్డ పడ్డ అవమానం చెరిగిపోదు. మా పెట్టె పసుపు రంగులో ఉంటుంది, నాలుగు వైపులా "ఆటపెట్టె" అని పెద్ద అక్షరాలు, కింద మా ఫోన్ నంబర్లు. బస్సులో తీసుకుపోయేటప్పుడు బ్యాటరీ విడిగా, మూత తెరిచి. ఈ నియమానికి ఒప్పుకోని జోడీ ఎంత పనిమంతుడైనా వద్దు.

బడుల్లో అటల్ టింకరింగ్ ల్యాబులున్న చోట ఈ సామాను చాలావరకు ఇప్పటికే ఉంది. ఒక్కో ల్యాబుకు కేంద్రం 20 లక్షల రూపాయల దాకా ఇచ్చింది. బోర్డులు, సెన్సార్లు, మోటార్లు అక్కడ దొరుకుతాయి. లేనిచోట బెంగళూరు ఎస్పీ రోడ్డు ఉంది. సామాను కోసం ఎవరూ ఆగాల్సిన పని లేదు.

ఈ వేసవిలో మీరు మొదలుపెట్టదలచుకుంటే ముందు బోర్డు కొనకండి. పిల్లలచేత ఏ ఆట ఆడించాలో ఒక కాగితం మీద రాయండి. దాన్ని తీసుకుని మీ ఊరి మైక్‌సెట్ షాపుకో, టీవీ మెకానిక్ దగ్గరకో, ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరకో పొండి. తీరిక వేళ చూసుకుని పొండి, ముహూర్తాల రోజుల్లో వద్దు. "ఇది ఎక్కడ చెడిపోతుందన్నా?" అని అడిగి, ఆయన చెప్పేది పూర్తిగా వినండి. ప్రోగ్రాం రాయడం మీకు రాకపోతే మా ప్రోగ్రాం, వైరింగ్ కాగితం ఉచితంగా ఇస్తాం, ఈ పత్రిక చిరునామాకు ఒక ఉత్తరం రాయండి.