అదృష్టానికి లెక్క కట్టే విద్య: పోకెమాన్ ప్రపంచ ఛాంపియన్‌షిప్

ఏడాది పొడవునా వివిధ దేశాల్లో జరిగే పోటీల్లో నెగ్గుకొచ్చిన ఆటగాళ్లు సాధారణంగా ఆగస్టు నెలలో ఒక నగరంలో కూడి, ట్రేడింగ్ కార్డులతోనూ వీడియో గేమ్‌తోనూ విడివిడిగా తలపడే అంతర్జాతీయ పోటీయే పోకెమాన్ ప్రపంచ ఛాంపియన్‌షిప్. పోకెమాన్ అనగానే పిల్లల కార్టూన్, బొమ్మల కార్డులు అన్న ముద్ర బలంగా ఉండటం వల్ల దీన్ని అభిమానుల జాతరగా చూసేవారే ఎక్కువ. ఆ సందడి నడుమ ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరు ఆటగాళ్లు చేస్తున్న పనిని నిదానంగా గమనిస్తే మాత్రం, సగమే తెలిసిన సమాచారంతో, కొద్ది సమయంలో, అదృష్టానికి ఎంత వదలాలో ఎంత వదలకూడదో తేల్చుకునే ఒక క్రమబద్ధమైన విద్య అక్కడ రెండు దశాబ్దాలకు పైగా రూపు కట్టుకుంటూ వచ్చిందని అర్థమవుతుంది. ఆ విద్యకు దక్కవలసిన గౌరవం ఇంకా దక్కలేదు.

జపాన్‌లో సతోషి తజిరి ఆలోచనగా మొదలై, గేమ్ ఫ్రీక్ సంస్థ తయారు చేసిన తొలి పోకెమాన్ వీడియో గేమ్‌లు 1996 ఫిబ్రవరిలో విడుదలయ్యాయి. అదే ఏడాది అక్టోబరులో కార్డుల ఆట వచ్చింది. తజిరికి చిన్ననాట పురుగులను సేకరించే అలవాటు ఉండేది. ఆ ఇష్టానికి, రెండు గేమ్‌బాయ్ యంత్రాలను కలిపే తీగ ద్వారా ఆటలోని పోకెమాన్ అనే ప్రాణులను ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకునే వీలు తోడై ఈ ఆట పుట్టింది. అంటే ఎదుట మరో మనిషి ఉండటం అన్నది ఈ ఆటకు తర్వాత అతికించిన హంగు కాదు, పుట్టుకతోనే ఉన్న అవసరం. ఉత్తర అమెరికాలో కార్డులను ప్రచురించిన విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ సంస్థ 2002లో సియాటిల్ నగరంలో తొలి ప్రపంచ పోటీ నిర్వహించింది. హక్కులు చేతులు మారిన 2003లో పోటీ జరగలేదు. 2004లో ఓర్లాండోలో మళ్లీ మొదలైంది. 2009లో శాన్ డియెగోలో వీడియో గేమ్ విభాగం చేరడంతో రెండు పాయలూ ఒకే గొడుగు కిందికి వచ్చాయి. మహమ్మారి వల్ల 2020, 2021 సంవత్సరాలు ఖాళీగా పోయాక, అప్పటిదాకా ఉత్తర అమెరికా, హవాయి దాటని ఈ పోటీ 2022లో లండన్‌కు, 2023లో జపాన్‌లోని యొకొహామాకు వెళ్లింది.

ఆటగాళ్లను వయసును బట్టి జూనియర్, సీనియర్, మాస్టర్స్ అనే మూడు విభాగాలుగా విడదీస్తారు. ప్రాంతీయ, అంతర్జాతీయ పోటీల్లో సంపాదించిన ఛాంపియన్‌షిప్ పాయింట్ల ఆధారంగా ఆహ్వానాలు అందుతాయి. చదరంగం పోటీల వార్తలు చదివే తెలుగు పాఠకులకు పరిచయమైన స్విస్ పద్ధతే ఇక్కడా నడుస్తుంది: ఓడినవారిని వెంటనే ఇంటికి పంపకుండా, ప్రతి రౌండులోనూ సమానమైన గెలుపోటములు ఉన్నవారిని జత చేస్తూ పోయి, చివరికి పైవరుసలో నిలిచినవారి మధ్య నాకౌట్ ఆడిస్తారు. ప్రతి రౌండులో మూడు ఆటలకు రెండు గెలవాలి. ఒక్క దురదృష్టపు ఆట మొత్తం ఏడాది శ్రమను తుడిచిపెట్టకుండా ఈ ఏర్పాటు కాపాడుతుంది.

కార్డుల ఆటలో నైపుణ్యం డెక్ కూర్చడంతోనే మొదలవుతుంది. డెక్ అంటే ఆటగాడు తానే ఎంచుకుని తెచ్చుకునే సరిగ్గా 60 కార్డుల కట్ట. బేసిక్ ఎనర్జీ కార్డులు తప్ప ఒకే పేరున్న కార్డు నాలుగుకు మించకూడదు. పోకెమాన్ కార్డులు పోరాడతాయి, ఎనర్జీ కార్డులు వాటి దాడులకు శక్తినిస్తాయి, ట్రైనర్ కార్డులు కొత్త కార్డులు తీసుకోవడానికీ డెక్‌లో వెతకడానికీ తోడ్పడతాయి. మొదట ఏడు కార్డులు చేతికి తీసుకుంటారు. ఒక కార్డును నాలుగు ప్రతులు పెట్టుకున్నా, ఆ తొలి ఏడింటిలో కనీసం ఒకటి ఉండే అవకాశం దాదాపు 40 శాతమే. ఈ ఒక్క అంకె చాలు, మంచి డెక్‌లో వెతికిపెట్టే కార్డులకు అంత చోటు ఎందుకు ఇస్తారో చెప్పడానికి. దాడి చేసే వీరులను నింపుకుని వచ్చే కొత్త ఆటగాడికీ, ఆ వీరులను వేళకు చేతికి తెచ్చే దారులను నింపుకుని వచ్చే అనుభవజ్ఞుడికీ తేడా అక్కడే తెలిసిపోతుంది.

ఆట మొదట్లో ప్రతి ఆటగాడూ తన డెక్ నుంచి ఆరు కార్డులను చూడకుండా బోర్లా పక్కన పెడతాడు. వీటిని ప్రైజ్ కార్డులంటారు. ఎదుటివారి పోకెమాన్‌ను పడగొట్టినప్పుడల్లా సాధారణంగా తన ప్రైజ్ కార్డుల్లో ఒకటి చేతికి తీసుకుంటాడు; ఆరూ ముందుగా తీసుకున్నవాడిదే గెలుపు. డెక్‌లో ఒకే ప్రతిగా ఉన్న కీలకమైన కార్డు ఆ ఆరింటిలో చిక్కుకుపోయే అవకాశం సరిగ్గా పదింట ఒకటి. అందుకే ఆటలో తొలిసారి డెక్‌ను వెతికే వీలు దొరికినప్పుడు నేర్పరి ఆటగాడు చేసే పని చూడదగ్గది: పైకి ఒక కార్డు కోసం వెతుకుతున్నట్టే ఉంటాడు గానీ, కార్డులను వేగంగా జరుపుతూ మిగిలినవన్నీ మనసులో లెక్కపెట్టి, చేతిలో ఉన్నవీ బల్లమీద ఉన్నవీ కలిపి, తన 60 కార్డుల జాబితాలోంచి తీసివేసి, బోర్లా ఉన్న ఆరూ ఏవో తేల్చుకుంటాడు. న్యాయనిర్ణేత ఆలస్యమని హెచ్చరించే లోపే ఇదంతా ముగియాలి. పన్నెండేళ్లు నిండని జూనియర్ ఆటగాళ్లు సైతం ఈ తీసివేతను తడబడకుండా చేయడం ఈ సంప్రదాయంలో అన్నిటికంటే ముచ్చటైన దృశ్యం.

ఆ తర్వాత వచ్చేది ప్రైజుల బేరం. బలమైన కొన్ని పోకెమాన్‌లు పడిపోతే ఎదుటివాడికి ఒకటికి బదులు రెండు, కొన్నింటికి మూడు ప్రైజులు దక్కుతాయి. కాబట్టి రెండు ప్రైజుల విలువైన వీరుడిని ఒకే ప్రైజు విలువైన చిన్న ప్రాణితో పడగొట్టగలిగితే లాభం, తిరగబడితే నష్టం. ఎవరు ఎన్ని దెబ్బల్లో ఆరు ప్రైజులు ముగిస్తారన్న లెక్క రెండో మూడో వంతులోనే వేసుకుని, ఎదుటివాడి లెక్కను ఒక్క దెబ్బ తేడాతో చెడగొట్టడానికి తమ ఒకే ప్రైజు విలువైన ప్రాణిని కావాలనే బలి ఇచ్చే ఆటగాళ్లున్నారు. ఆధిక్యంలో ఉన్నవాడికి నిశ్చింత లేకుండా చేసే కార్డులూ ఉన్నాయి. 'ఎన్' అనే ట్రైనర్ కార్డు, ఆ తర్వాత వచ్చిన 'అయోనో' ఇద్దరి చేతిలోని కార్డులనూ డెక్‌కు పంపించి, ఎవరికి ఎన్ని ప్రైజులు మిగిలాయో అన్నే కొత్త కార్డులు ఇస్తాయి. గెలుపుకు ఒక్క ప్రైజు దూరంలో ఉన్నవాడి చేతిలో అప్పుడు ఒకే కార్డు మిగులుతుంది. అందువల్ల గెలుస్తున్న సమయంలోనే, చేయి ఖాళీ అయినా బల్లమీద ఉన్నవాటితో ఆట ముగించేలా సిద్ధం కావడం ఉత్తమ ఆటగాడి లక్షణం.

గడియారం కూడా ఒక ఆయుధమే. మూడు ఆటల రౌండుకు 50 నిమిషాలే ఇస్తారు. సమయం మించితే ఆ రౌండు సమంగా ముగిసే ప్రమాదం ఉంది, స్విస్ లెక్కలో గెలుపుకు మూడు పాయింట్లు, సమానానికి ఒకటే. తొలి ఆట గెలిచి రెండోది ఓడిపోయే దారిలో ఉందని తెలిసిన ఆటగాడు పట్టుదలకు పోకుండా దాన్ని వదిలేసి, మిగిలిన నిమిషాలను మూడో ఆటకు దాచుకుంటాడు. ఓటమిని వేళకు ఒప్పుకోవడం నేర్పుల్లో చాలా కష్టమైన నేర్పు.

వీడియో గేమ్ విభాగంలో విద్య మరోలా సాగుతుంది. ఆటగాడు ఆరు పోకెమాన్‌ల జట్టుతో వస్తాడు, ఎదుటి జట్టును 90 సెకన్లు చూసి వాటిలో నాలుగింటిని ఎంచుకుంటాడు. ఒకేసారి రెండేసి పోకెమాన్‌లు బరిలో ఉంటాయి, దీన్నే డబుల్ బ్యాటిల్ అంటారు. ప్రతి వంతులో 45 సెకన్లలో నిర్ణయం తీసుకోవాలి. అసలు మెలిక ఏమిటంటే ఇద్దరూ తమ ఎత్తులను ఒకేసారి, ఒకరికొకరు తెలియకుండా వేస్తారు. చదరంగంలో ఎదుటివాడి ఎత్తు చూశాక జవాబు ఆలోచించవచ్చు. ఇక్కడ వేయబోయే ఎత్తుకే జవాబివ్వాలి. 'ప్రొటెక్ట్' అనే రక్షణ ఎత్తు వేసిన పోకెమాన్‌కు ఆ వంతులో దాదాపు ఏ దాడీ తగలదు, కానీ వెంటనే మరోసారి వేస్తే ఫలించే అవకాశం మూడింట ఒక వంతే. ఎదుటివాడు ఇప్పుడు రక్షణ వేస్తాడని ఊహించి దాడిని పక్కనున్న దానివైపు మళ్లించడం, ఆ ఊహను అతడూ ఊహించి రక్షణ వేయకుండా దెబ్బ కొట్టడం - ఈ అంతరాల అల్లికే మ్యాచ్ ప్రాణం.

దీనికి అడుగున గట్టి అంకగణితం ఉంది. పోకెమాన్‌లకు నిప్పు, నీరు, విద్యుత్ వంటి 18 రకాలు ఉన్నాయి, ఏది దేనికి లొంగుతుందో పట్టిక ఉంది. స్కార్లెట్, వయలెట్ ఆటల వరకు ఒక పోకెమాన్‌కు శిక్షణగా 510 పాయింట్లు పంచే వీలుండేది, ఒక్కో గుణానికి 252 మించకూడదు. ఒక ఫలానా దాడిని సరిగ్గా ఒక్కసారి తట్టుకునేంత ఓర్పు, ఒక ఫలానా ప్రత్యర్థి కంటే ఒక్క అంకె ఎక్కువ వేగం వచ్చేలా ఆ పాయింట్లను వారాల తరబడి సర్దేవారు. ప్రతి దాడి బలం పూర్తి విలువలో 85 నుంచి 100 శాతం మధ్య, 16 మెట్లలో ఏదో ఒకటిగా తేలుతుంది. ఆ పదహారింటిలో పన్నెండు మెట్లలో ప్రత్యర్థి పోకెమాన్ పడిపోతుందనుకుంటే విజయావకాశం 75 శాతం. ఆ దాడికే గురి తప్పే అవకాశం పదింట ఒకటి ఉంటే అది 67.5 శాతానికి దిగుతుంది. ఆ మిగిలిన దాదాపు మూడో వంతు ముప్పును భరించాలా, లేక నెమ్మదైన మరో దారి పట్టాలా అన్నదే ప్రశ్న. ఓడినప్పుడు దురదృష్టం అని చేతులు దులుపుకునేవారికీ, ఆ ముప్పును తానే ఎంచుకున్నానని గుర్తించేవారికీ మధ్య ఉన్న దూరమే ఈ ఆటలో పరిణతికి కొలమానం.

2014లో వాషింగ్టన్ నగరంలో మాస్టర్స్ విభాగం గెలిచిన దక్షిణ కొరియా ఆటగాడు పార్క్ సే జున్ జట్టు ఈ విద్యకు చక్కని ఉదాహరణ. ఉడుతలాంటి చిన్న పచిరిసును ఆ స్థాయి పోటీకి ఎవరూ తగినదిగా లెక్కించలేదు. పార్క్ మాత్రం తన గయరడోస్ అవసరం నుంచి వెనక్కి ఆలోచించాడు. నీరు, గాలి రకాలు కలిసిన గయరడోస్‌కు విద్యుత్ దాడి నాలుగు రెట్లు తగులుతుంది. పచిరిసుకు 'ఫాలో మి' అనే ఎత్తు ఉంది, దాంతో ప్రత్యర్థులు గురిపెట్టిన దాడులు తనవైపే మళ్లుతాయి; పైగా విద్యుత్ దాడిని ఆరోగ్యంగా మార్చుకునే 'వోల్ట్ అబ్సార్బ్' గుణం ఉంది. దాన్ని ఎక్కువ దెబ్బలు ఓర్చేలా పెంచి పక్కన నిలబెట్టడంతో, ప్రత్యర్థి ప్రతి వంతులోనూ ఆ ఉడుతను కొట్టాలా వద్దా అని తికమకపడుతుండగా గయరడోస్ తన పని కానిచ్చింది. బలహీనమని పక్కన పెట్టిన ప్రాణికి సరైన సందర్భం వెతికి ఇవ్వడం ఇక్కడ జరిగింది. అభిమానులు ఈ గెలుపును ఇప్పటికీ తలుచుకోవడం అందుకే.

నిజాయితీని కాపాడే ఏర్పాట్లూ ఈ విద్యలో భాగమే. కార్డులు కలిపాక డెక్‌ను ఎదుటివాడి ముందుంచాలి, అతడు కోయవచ్చు లేదా మళ్లీ కలపవచ్చు. డెక్ జాబితా ముందే అందజేయాలి, న్యాయనిర్ణేతలు మధ్యలో సరిచూస్తారు. ఇటీవలి వీడియో గేమ్ పోటీల్లో జట్ల వివరాలు, అంటే ఎత్తులు, గుణాలు, వస్తువులు ప్రత్యర్థికి రాతపూర్వకంగా అందుతున్నాయి, శిక్షణ అంకెలు మాత్రం దాచి ఉంచుతారు. స్నేహితుల గూఢచర్యం వల్ల కలిగే అన్యాయపు లాభం దీంతో తగ్గింది. 2023లో యొకొహామాలో, బయటి సాఫ్ట్‌వేర్‌తో మార్చిన పోకెమాన్‌లు వాడినట్టు తేలి కొందరు ఆటగాళ్లు అనర్హులయ్యారు. నిబంధన సరైనదే; అయితే ఒక జట్టును సక్రమంగా పెంచడానికి పట్టే గంటలు ఉద్యోగం చేసుకునేవారికి భారమన్న ఆవేదనలోనూ న్యాయం ఉంది.

రే రిజ్జో 2010, 2011, 2012 సంవత్సరాల్లో వరుసగా వీడియో గేమ్ విభాగంలో, జేసన్ క్లాచిన్‌స్కీ 2006, 2008, 2013లో కార్డుల విభాగంలో మూడేసి సార్లు మాస్టర్స్ విజేతలయ్యారు. అదృష్టమే నిర్ణేత అయితే ఒకే పేరు మూడుసార్లు పైకి వచ్చి ఉండేది కాదు. కార్డుల విజేతల్లో కొందరి డెక్‌లను 2004 నుంచి వెనుకవైపు వేరే బొమ్మతో, పోటీల్లో వాడకూడనివిగా అచ్చువేసి అమ్ముతున్నారు. పోటీకి పనికిరాని ఆ కట్టలు నేర్చుకునేవారికి పాఠ్యపుస్తకాలు: ఒక కార్డు ఎన్ని ప్రతులుందో, ఏది ఒక్కటే ఉందో చూస్తూ విజేత ఆలోచనను తిరిగి నిర్మించుకోవచ్చు.

మొబైల్ ఫోన్‌లో ఆడే పోకెమాన్ గో 2022 నుంచి ప్రపంచ పోటీల్లో భాగమైంది. కార్డుల డెక్‌లకు, ప్రత్యేక యంత్రాలకు అయ్యే ఖర్చుతో పోలిస్తే అందుబాటులో ఉన్న ఈ విభాగంలో భారతీయ ఆటగాళ్లకు దారి తెరుచుకుంది. 2025లో అనహైమ్‌లో ఆ విభాగం టైటిల్‌ను భారతీయ ఆటగాడు వేద్ బాంబ్ గెలిచాడు. అక్కడా మూడు పోకెమాన్‌ల వరుస, రెండే రెండు రక్షణ షీల్డ్‌లు, వాటిని ఏ దాడికి ఖర్చు చేయాలన్న నిర్ణయం, ఎదుటివాడికి శక్తి ఎంత పోగైందో తెరమీద కనబడకున్నా మనసులో లెక్కపెట్టుకోవడం - అదే విద్య, సెకన్లలో.