ఫ్లమెంకో గానభేదాలు: ఊరి పేరు, వ్యక్తి ముద్ర

దక్షిణ స్పెయిన్‌లోని ఆందలూసియాలో రూపుదిద్దుకొన్న ఫ్లమెంకోలో గాన, నృత్య భేదాలను ‘పాలో’లంటారు. మలగేన్యా, గ్రనాయీనా, రొందేన్యా అనే పేర్లలో మాలగా, గ్రనాదా, రోందా పట్టణాలు వినిపిస్తాయి. ఈ పేర్లనుబట్టి వాటి జన్మస్థానాలను నిర్ణయించడం పరిపాటి. అయితే ఊరి పేరొక్కటే ప్రమాణంగా చాలదని మలగేన్యా చరిత్ర స్పష్టం చేస్తున్నది.

మలగేన్యాకు మూలం మాలగా ప్రాంతపు ఫందాంగో. అది లయబద్ధమైన నృత్యగీతం. దాని ప్రాచీన ఛాయలు గల ‘వెర్దియాలెస్’ను ఆ పరిసర కొండపల్లెల్లో వయొలిన్, గిటార్, చిరుతాళాలతో నేటికీ ఆడి పాడుతున్నారు. 19వ శతాబ్ది ఉత్తరార్ధంలో గాయకులు ఆ లయబంధాన్ని సడలించి స్వరవిస్తారానికి చోటిచ్చారు. ఆట తగ్గి పాట ప్రధానమైంది. ఈ పరిణామంలో ప్రముఖులైన ఎన్రికె ఎల్ మెల్యీసోది కాదిస్. ఆంతోనియో చాకోన్‌ది హెరెస్. ఇద్దరూ మాలగా వారు కారు. గ్రనాయీనాను తీర్చిదిద్దడంలోనూ చాకోన్‌దే ప్రధాన పాత్ర.

కనుక ప్రాంతనామం బాణీ మూలాన్ని సూచిస్తుందే తప్ప దాని పరిణతిని వివరించదు. రసజ్ఞులు ‘మెల్యీసో మలగేన్యా’, ‘చాకోన్ మలగేన్యా’ అని వేరుగా గుర్తించడంలోని ఔచిత్యమిదే. ప్రాంతాన్ని మాత్రమే లెక్కించే వర్గీకరణ ఆ కళను మలచిన గాయకులను విస్మరిస్తుంది.