ఆఫ్రికాన్స్ నాటకరంగమున అనువాదకుని స్థానము: ఉయిస్ క్రీఖె

ఒకే రచయిత నాటకకర్తయు, అనువాదకుడును అయినపుడు విమర్శకులు అతని స్వతంత్రరచనలను ముందుంచి, అనువాదములను అనుబంధమువలె పేర్కొనుట పరిపాటి. దక్షిణాఫ్రికా రచయిత ఉయిస్ క్రీఖె (1910–1987) విషయమున ఈ క్రమమును తారుమారు చేయవలెనని నా తలంపు. ఆతని నాటకప్రతిభ నిండుగా వ్యక్తమైనది సొంత నాటకములందు గాక, పరభాషానాటకములను తన భాషలోనికి తెచ్చిన సందర్భమున.

ముందుగా ఆ భాష స్థితిని గమనింపవలెను. కేప్ ప్రాంతమున పదునేడవ శతాబ్దమున స్థిరపడిన డచ్చివారి భాష, అచటి ఖోయి ప్రజల నోటను, ఆసియానుండి తేబడిన బానిసల నోటను రూపు మార్చుకొని ఆఫ్రికాన్స్ అయ్యెను. చిరకాలము దానిని వంటయింటి భాషయని ఈసడించిరి. 1875లో పార్ల్ పట్టణమున ఆ భాషాభిమానుల సంఘమొకటి వెలసెను. 1925లో అది రాజభాషగా అంగీకృతమయ్యెను. 1933లో సంపూర్ణమైన బైబిలు అందు వెలువడెను. క్రీఖె కలము పట్టునాటికి భాషకు అధికారము లభించెను గాని, రంగస్థలమునకు తగిన వాక్సంపద ఇంకను సమకూడవలసియుండెను.

స్వెల్లెండామ్ ప్రాంతమున జన్మించి, స్టెల్లెన్‌బోష్‌లో చదివిన క్రీఖె 1931 మొదలు 1935 వరకు ఫ్రాన్సు, స్పెయిను దేశములందు సంచరించి ఆ భాషలను జనుల నోటినుండి నేర్చెను. స్పెయిను అంతర్యుద్ధమున ఆతని సానుభూతి ప్రజాప్రభుత్వపక్షము. రెండవ ప్రపంచయుద్ధమున విలేఖరిగా వెడలి, 1941లో ఉత్తరాఫ్రికాలో శత్రువులకు చిక్కి, ఇటలీ చెరనుండి 1943లో తప్పించుకొనెను. ఆ కథను 1946లో ఆంగ్లమున గ్రంథస్థము చేసెను. తన జాతి తనలోనికి ముడుచుకొనుచున్న కాలమున ఆతడు బయటి గాలిని కోరినవాడని ఈ వృత్తాంతము తెలుపును.

స్వతంత్రనాటకములలో మొదట పేర్కొనదగినది 1938 నాటి ‘మాగ్దలేనా రెటీఫ్’. అది బోయర్ల మహాప్రస్థానమునకు శతజయంతి వత్సరము. నాయకుడైన పీట్ రెటీఫ్ 1838లో జూలూరాజు డింగానె చేత హతుడయ్యెను. ఉత్సవకాలమున వీరగాథను ఆశించినవారికి క్రీఖె ఆ నాయకుని భార్యను ప్రధానపాత్రగా నిలిపి చూపెను. ఈ దృష్టి ప్రశంసనీయమే. కాని నాటకము సంఘర్షణచే గాక ఘట్టముల వరుసచే నడచును. కవి పలుకునపుడు పాత్ర మౌనము వహించును. 1951 నాటి ‘డీ స్లెయిప్‌స్కట్టర్’ మున్నగు ఏకాంకికలలో నిడివి తక్కువ యగుటచే ఈ లోపము కొంత మరుగుపడినను, 1956 నాటి ‘డీ ఖౌవ క్రింగ్’లో గేయధోరణి మరల పైచేయి సాధించినది.

అనువాదమున ఈ లోపమే గుణమైనది. సంఘర్షణను మూలకర్తయే కల్పించియుండును. అనువాదకుడు సమకూర్పవలసినది వాక్కు. ఈతడు లోర్కా ‘యెర్మా’ను, షేక్స్‌పియరు ‘పన్నెండవ రాత్రి’ని (1967), ‘లియరు రాజు’ను (1971) ఆఫ్రికాన్స్ చేసెను. అందలి క్లేశము సామాన్యమైనది కాదు. ఆఫ్రికాన్స్‌లో భూతకాలమును చెప్పుటకు సాధారణముగా సహాయక్రియ యొకటి ముందును, ప్రధానక్రియ వాక్యాంతమునను కావలెను. నిషేధవాక్యమున నిషేధపదము తుదిని మరల వచ్చును. ఆంగ్లమున పదక్షరములలో ఇమిడిన పాదము ఇట పొంగి పొరలును. లియరు నాటకమో, ఆద్యంతము నిషేధపదములపైననే నడచునది! ఇక సంబోధన మాట. షేక్స్‌పియరు కాలమున మన నీవు, మీరులవంటి భేదము ఆంగ్లమున నుండెను. ఆఫ్రికాన్స్‌లోను అది కలదు గాని, రెంటి ప్రయోగసీమలు ఒకటి కావు. రాజు కూతును పిలుచు ప్రతిమాటను అనువాదకుడు తూచి నిర్ణయింపవలెను. ‘పన్నెండవ రాత్రి’లోని విదూషకుని పాటలకు గేయకవి యగు క్రీఖెకంటె తగినవాడెవడు?

అయినను ఒక ప్రశ్న మిగులును. ఈ వాక్కు ఎవరి చెవిని బడినది? 1965 నుండి శ్వేతజాతీయులును, ఇతరులును ఒకే ప్రేక్షకాగారమున కూర్చుండుట నిషిద్ధము. ‘లియరు రాజు’ అచ్చయిన 1971లోనే కేప్‌టౌనున నికో మలాన్ నాటకశాల శ్వేతజాతీయులకు మాత్రమే తెరువబడెను. అందరికిని ప్రవేశము లభించినది 1975లో. ఆఫ్రికాన్స్ మాతృభాషగా గల మిశ్రజాతీయులు లక్షలకొలది ఉండగా, వారి భాషలోని లియరు వారికే దూరమయ్యెను. అదే 1971లో ఆండ్రె బ్రింక్ ‘కామెడీ ఆఫ్ ఎర్రర్స్’ను ‘కింకెల్స్ ఇన్ని కాబెల్’ అను పేర కేప్ వీథులలోని మిశ్రజాతీయుల మాండలికమున పునర్నిర్మించెను. భాషను ఉన్నతము చేయదలచినవాడు క్రీఖె. అది పుట్టిన వాకిటికి మరల గొనిపోయినవాడు బ్రింక్. రెండును అవసరములే.

ఆ ‘కామెడీ ఆఫ్ ఎర్రర్స్’నే వీరేశలింగముగారు ‘చమత్కార రత్నావళి’గా తెలిగించిరి. మన ఆధునికరంగస్థలము తొలినాళ్లలో అనువాదముల చేయూతను పొందెనని మనము ఒప్పుకొందుము. ఒప్పుకొనియు, అనువాదకులకు చరిత్రగ్రంథములలో ఒక పేరా కేటాయించి ముందునకు సాగుదుము. భాష మోయగల బరువును ముందుగా తూచి చూచువాడు అనువాదకుడు. క్రీఖె తన భాషపై లియరు శోకమును మోపి చూచెను, అది క్రుంగలేదు. ఆతని కీర్తికి ఇంతకంటె వేరు ఆధారము వెదకనక్కరలేదు.