భారము దిగిన తరువాత: ‘యాత్రికుని ప్రయాణము’, క్రైస్తవ కల్పనా సాహిత్యము, విశ్వాసపు ఎదుగుదల

ఉపోద్ఘాతము

తెలుగు క్రైస్తవ సంఘములలో పాటకున్న స్థానము కథకు లేదు. పురుషోత్తమ చౌదరి గారి కీర్తనలు తరతరములుగా మన ఆరాధనలో నిలిచియున్నవి. ప్రసంగ సంపుటములు, ధ్యానములు, సాక్ష్యములు అచ్చవుతూనే ఉన్నవి. కథ మాత్రము సండేస్కూలు పిల్లలకు చెప్పునదిగానో, ప్రసంగము మధ్యలో కునుకు తీయువారిని లేపునదిగానో మిగిలిపోయినది. ఎదిగిన విశ్వాసి కూర్చుండి చదువదగిన కల్పనా సాహిత్యము ఒకటి ఉండవలెనను ఆలోచనయే మనలో చాలామందికి కలుగదు.

ఈ వ్యాసములో రెండు ప్రశ్నలను పరిశీలింపగోరుచున్నాము. విశ్వాసములో ఎదుగుచున్నవానికి కల్పిత కథ ఏమి మేలు చేయగలదు? ఆ మేలు చేయలేని కథలు ఎక్కడ దారి తప్పుచున్నవి? ఇందుకు జాన్ బన్యన్ వ్రాసిన ‘యాత్రికుని ప్రయాణము’ను ఆధారముగా తీసుకొన్నాము. ఈ గ్రంథము మన సంఘములలో చాలామంది ఎరిగినదే. ఎరిగినదగుటచేతనే శ్రద్ధగా చదువబడనిది. పాత్రల పేర్లను ఇక్కడ అర్థమునుబట్టి మేమే తెలుగు చేసికొన్నాము.

కల్పన అబద్ధమా?

మొదట ఒక ఆక్షేపణకు సమాధానము చెప్పవలసియున్నది. “జరుగని దానిని జరిగినట్లు వ్రాయుట సత్యమును ప్రేమించువారికి తగునా?” అని అడుగు పెద్దలు నేటికిని ఉన్నారు. ఈ ప్రశ్న బన్యన్‌కు కూడ ఎదురైనది. తన గ్రంథమునకు ముందు వ్రాసిన పద్యరూపమైన సమర్థనలో, అచ్చువేయుమని కొందరు, వద్దని మరికొందరు తనకు సలహా ఇచ్చిన సంగతి అతడు దాచలేదు. లేఖనములే ఛాయలతోను ఉపమానములతోను మాటలాడుచున్నవి గదా అని అతడు జవాబు చెప్పాడు.

ఆ జవాబు బలమైనదే. 2 సమూయేలు 12లో నాతాను ప్రవక్త దావీదు నొద్దకు వచ్చి నేరుగా అతని పాపమును ఎత్తి చూపలేదు. ఒక ధనవంతుడు, ఒక బీదవాడు, ఒక చిన్న గొఱ్ఱెపిల్ల ఉన్న కథ చెప్పాడు. దావీదు కోపించి ఆ ధనవంతునికి తీర్పు తీర్చిన తరువాతనే, ఆ తీర్పు తనమీదనే పడినదని తెలిసికొన్నాడు. నేరుగా చెప్పియుంటే రాజు తన్ను తాను సమర్థించుకొనెడివాడేమో. కథ వినుచుండగా తన్ను కాపాడుకొనవలెనను జాగ్రత్త అతనికి లేకపోయినది. కథ చేయు పని ఇదే. అది మన కావలివానిని దాటి లోపలికి వచ్చును.

అయితే ఒక షరతు కలదు. కథను కథగానే చెప్పవలెను. పుస్తకములో చదివిన కల్పితమును “మా ప్రక్క ఊరిలో జరిగినది” అని పులిపీఠము మీద చెప్పు అలవాటు మనలో ఉన్నది. అట్టి పని మేము కూడ చేసియున్నాము. కల్పన అబద్ధము కాదు. కల్పనను వాస్తవమని నమ్మించుట అబద్ధము. నవల వ్రాయువాడు ఈ విషయములో మనకంటె యథార్థవంతుడు.

సిలువ యొద్ద ముగియని కథ

బన్యన్ (1628–1688) ఇంగ్లాండులోని బెడ్‌ఫర్డ్ ప్రాంతమువాడు. గిన్నెలకు మాట్లు వేయుట అతని కులవృత్తి వంటిది. అనుమతి లేకుండ ప్రసంగించినందుకు 1660లో చెరసాల పాలై, 1672 వరకు ఎక్కువ కాలము అక్కడనే గడిపాడు. ‘యాత్రికుని ప్రయాణము’ మొదటి భాగము 1678లోను, రెండవ భాగము 1684లోను వెలువడినవి.

మొదటి భాగములో నాశనపురము విడిచిన క్రైస్తవుడు వీపుమీద పెద్ద భారముతో బయలుదేరును. సిలువ యొద్దకు చేరగానే ఆ భారము జారి, దొర్లుకొనుచు పోయి సమాధిలో పడును. మన సంఘములలో ఈ గ్రంథమును గూర్చి ఎవరిని అడిగినను మొదట చెప్పునది ఈ దృశ్యమే. కాని ఈ దృశ్యము గ్రంథము చివర లేదు. తొలి భాగములోనే ఉన్నది. దుర్గమమైన కొండ, అపొల్లుయోనుతో పోరాటము, మరణచ్ఛాయ లోయ, మాయాసంత, సందేహపు కోట, వంతెన లేని నది, ఇవన్నియు భారము దిగిన తరువాతవి. రక్షణ పొందినవాని కష్టములను గూర్చియే బన్యన్ తన గ్రంథములో అధిక భాగము వ్రాశాడు.

వీటిలో సందేహపు కోట ఘట్టమును కొంత నిదానముగా చూడవలెను. క్రైస్తవుడును అతని సహయాత్రికుడైన నిరీక్షణగలవాడును రాళ్ల దారిలో నడచి కాళ్లు నొచ్చియుండగా, ప్రక్కనున్న పచ్చిక దారి మెత్తగా కనబడును. అటు పోదమన్నవాడు క్రొత్తవాడు కాదు. ఎక్కువ దూరము నడచిన క్రైస్తవుడే. ఆ దారి వారిని నిరాశ అను రాక్షసుని చేతికి అప్పగించును. బుధవారము నుండి శనివారము వరకు వారు చీకటి కొట్టులో పడియుందురు. రాక్షసుడు వారిని కొట్టి, ప్రాణము తీసికొమ్మని సలహా ఇచ్చును. క్రైస్తవుడు ఆ సలహాను ఆలోచించును కూడ. వాగ్దానము అను తాళపుచెవి అన్నిదినములు అతని రొమ్ముననే ఉన్నది. ఆదివారము తెల్లవారకముందు ప్రార్థనలో అది అతనికి జ్ఞాపకము వచ్చును.

ఇందులో మేము గమనించునవి మూడు. ఒకటి, అనుభవమున్న విశ్వాసియే దారి తప్పించెను. రెండు, చనిపోవలెనను తలంపు అతనికి కలిగినను బన్యన్ అతనిని యాత్రనుండి తీసివేయలేదు. మూడు, విడుదల వచ్చినది గాని మొదటి దినమున రాలేదు. గ్రంథాంతమున నది దాటునప్పుడును మునిగిపోవుదునని భయపడినది క్రైస్తవుడే. అడుగు తగులుచున్నదని ధైర్యము చెప్పి అతని తల పైకెత్తినది తరువాత వచ్చినవాడు. విశ్వాసపు ఎదుగుదల మెట్లవలె ఒకదాని మీద ఒకటిగా పైకి పోవునది కాదని బన్యన్ ఎరుగును.

మేము ఇరువదియేండ్ల వయస్సులో ఈ గ్రంథము చదివినప్పుడు అపొల్లుయోనుతో యుద్ధము మాకు ప్రియమైనది. ఏబది దాటిన తరువాత, మంచములయొద్ద ప్రార్థించి, సమాధులయొద్ద నిలువబడి వచ్చిన తరువాత, ఆ నది ఘట్టమునొద్ద పుస్తకము ప్రక్కన పెట్టి కూర్చుండుచున్నాము. గ్రంథము మారలేదు. ఎదుగుచున్న పాఠకుడు తిరిగి వచ్చినప్పుడు అతనికి ఇచ్చుటకు ఇంకను ఏదో మిగిలియున్న కథయే మంచి కథ.

రెండవ భాగము చేసిన దిద్దుబాటు

మొదటి భాగములో లోపములు లేకపోలేదు. భార్యయు పిల్లలును వెనుకకు పిలుచుచుండగా క్రైస్తవుడు చెవులలో వ్రేళ్లు పెట్టుకొని పరుగెత్తును. ఆత్మరక్షణ యెడల ఆ ఆతురతను అర్థము చేసికొనవచ్చును గాని, విడువబడిన ఆ ఇంటి సంగతి ఏమని పాఠకుడు అడుగకమానడు. అదే ప్రశ్న గ్రంథకర్తను కూడ బాధించెనో లేదో చెప్పలేము గాని, ఆరు సంవత్సరముల తరువాత వెలువడిన రెండవ భాగములో అతడు ఆ భార్యను, నలుగురు కుమారులను అదే దారిని నడిపించాడు.

ఈ భాగమును మన విశ్వాసులలో చదివినవారు మాకు అరుదుగా తటస్థపడిరి. ఇది శోచనీయము. ఇందులో ఒంటరి వీరుడు లేడు. స్త్రీలు, పిల్లలు, ఊతకఱ్ఱలతో కుంటుచు నడచువాడు, బలహీన మనస్కుడు, మిక్కిలి భయపడు స్త్రీ, వీరందరిని నడిపించు ఒక మార్గదర్శి, ఇదియే ఆ గుంపు. మీతో సమానముగా నడువలేనని బలహీన మనస్కుడు చెప్పగా, నీ కొరకు మేమే ఆగెదమని మార్గదర్శి చెప్పును. సందేహపు కోట కూల్చబడిన దినమున కుంటివాడు ఒక చేత ఊతకఱ్ఱ పట్టుకొనియే నాట్యమాడును. అతని కుంటితనము మాయము కాలేదు. అయినను సంతోషము వచ్చినది. 1678లోని బన్యన్ ఈ దృశ్యము వ్రాసియుండునా అని మేము సందేహించుచున్నాము. విశ్వాసములో పాఠకుడే గాక రచయితయు ఎదుగునని చెప్పుటకు ఈ రెండు భాగములకంటె మంచి ఉదాహరణ మాకు తెలియదు.

తెలుగు సంఘ చరిత్రకు ఈ రెండవ భాగమే దగ్గర. మన పితరులలో అనేకులు చెవులు మూసికొని ఒంటరిగా పరుగెత్తినవారు కారు. 1866లో బాప్తిస్మము పొందిన యెఱ్ఱగుంట్ల పేరయ్య తోలు వ్యాపారము మీద తిరిగిన ఊళ్లలో తన బంధువులకు సువార్త చెప్పాడు. ఒంగోలు మిషను పరిధిలో 1878 జూలై 3న ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. కరవును, ఆకలిని, అంటరానితనమును మోసికొనుచు పల్లెలు పల్లెలుగా వచ్చినవారు వారు. ఆ భారములన్నియు బాప్తిస్మపు నీళ్లలో దిగిపోలేదు. వారి కథను విశ్వాసపు కన్నుతో ఎంతమంది క్రైస్తవ రచయితలు వ్రాసిరి? కల్యాణరావు గారి ‘అంటరాని వసంతం’ నవల 2000లో వచ్చి దళిత క్రైస్తవుల తరముల జీవితమును చిత్రించినది. అది విప్లవ దృక్పథముతో వ్రాయబడినది. దాని తీర్పులన్నిటితో మనము ఏకీభవింపనక్కరలేదు. కాని మన తాతల కథను మనము చెప్పని చోట మరియొకరు చెప్పిరని ఒప్పుకొనుట న్యాయము.

మా పొరపాటు

ఈ వ్యాసము వ్రాయుటకు మమ్మును ప్రేరేపించిన సంగతి ఒకటి చెప్పవలసియున్నది. చాలా సంవత్సరముల క్రిందట మేము సేవ చేసిన ఒక సంఘములో యౌవనస్థులకు కథల పోటీ పెట్టి, తీర్పరిగా మేమే కూర్చున్నాము. ఇంటర్మీడియట్ చదువుచున్న ఒక అమ్మాయి వ్రాసిన కథ మిగిలినవాటికంటె ఎంతో బాగుగా ఉన్నది. అందులో తల్లి జబ్బుపడును. సంఘము మూడు రాత్రులు ఉపవాస ప్రార్థన చేయును. తల్లి చనిపోవును. తరువాతి ఆదివారము ఆ కుమార్తె మందిరమునకు వచ్చును గాని పాట పాడలేదు. అందరికంటె ముందుగా వచ్చి చాపలు పరచి, వెనుక కూర్చుండును. కథ అక్కడ ముగియును.

ఆ ముగింపు విశ్వాసమునకు భంగకరమని మేము తలంచితిమి. “తల్లి స్వస్థత పొందినట్లు మార్చమ్మా, బహుమతి నీదే” అని చెప్పితిమి. ఆమె మార్చినది. బహుమతి ఇచ్చితిమి. మరుసటి సంవత్సరము ఆమె కథ రాలేదు. ఎందుకు వ్రాయలేదని అడుగగా ఆమె చెప్పిన మాట ఇది: “అది మా అమ్మ కథేనండి అయ్యగారూ. మీరు బ్రతికించమన్నారు, కాగితం మీద బ్రతికించాను. ఇంక రాయబుద్ధి కాలేదండి.”

ఆ తల్లి సమాధి ఆరాధన చేసినది మేమే. అయినను కథ చదివినప్పుడు గుర్తుపట్టలేదు. గుర్తుపట్టనంత త్వరగా ముగింపు కొరకు చూచితిమి. 88వ కీర్తన చీకటి మాటతోనే ముగియుచున్నదని, యోనా గ్రంథము ఒక ప్రశ్నతో ఆగిపోవుచున్నదని, తప్పిపోయిన కుమారుని ఉపమానములో పెద్ద కుమారుడు లోపలికి వచ్చెనో లేదో ప్రభువు చెప్పలేదని మేము అనేకమార్లు బోధించియున్నాము. దేవుని వాక్యమునకు ఇచ్చిన స్వేచ్ఛను ఒక బిడ్డ కథకు ఇయ్యలేకపోతిమి. చాపలు పరచిన ఆ చేతులే ఆ కథలోని విశ్వాసము. మేము కొట్టివేసినది దానినే.

వ్రాయువారికి, చదువువారికి

పై పరిశీలనవలన కొన్ని సంగతులు తేలుచున్నవి. మన క్రైస్తవ కథలలో అధికము భారము మోయువానితో మొదలై, సిలువ యొద్ద భారము దిగుటతో ముగియుచున్నవి. సువార్త ప్రకటనకు అవి అవసరమే. కాని నలుబది సంవత్సరములు నడచిన విశ్వాసికి ఆ తరువాతి దారి కావలెను. వ్రాయువారు అక్కడ మొదలుపెట్టవలెనని మా మనవి.

రెండవది, సందేహించువానిని శిక్షించుటకే కథలోనికి తీసికొని రారాదు. బన్యన్ సృష్టించిన వాచాలుడు సిద్ధాంతమును చక్కగా పలుకును; లోపము అతని జీవితములో ఉన్నది. మన కథలలో తరచుగా చక్కని మాటలు పలుకువాడే నీతిమంతుడు, తడబడువాడు పాపి. సువార్తలో తన అవిశ్వాసమునకు సహాయము కోరిన ఆ తండ్రి తడబడినవాడే. ప్రభువు అతని కుమారుని స్వస్థపరచెను.

మూడవది, చదువువారు కథనుండి నీతివాక్యమును త్వరగా పిండుకొనుట మాని, తాము ఏ పాత్రకు కోపపడుచున్నారో, ఎవరిని తప్పించుకొనుచున్నారో చూచుకొనవలెను. దావీదు కోపము దావీదునే పట్టియిచ్చినది. సంఘములలో నెలకు ఒక కథ కలిసి చదివి మాటలాడుకొనుట బైబిలు అధ్యయనమునకు పోటీ కానేరదు, దానికి తోడగును.

ముగింపు

కల్పనా సాహిత్యము లేఖనమునకు సాటి కాదు. అది రక్షింపదు. కాని సందేహపు కోటలో ఉన్నవానికి, తనకు ముందు ఒకడు ఇక్కడ ఉండి వెలుపలికి వచ్చెనని చెప్పగలదు. ఊతకఱ్ఱతో నడచువానికి, గుంపు తన కొరకు ఆగునని చూపగలదు. అట్టి కథలు మన భాషలో, మన పల్లెల పేర్లతో వ్రాయబడవలెను. అవి కాపరుల బల్లమీదికి వచ్చినప్పుడు మేము చేసినట్లు ముగింపు దిద్దకుండ, మొదట ఆ కథ ఎవరిదో అడుగుదుముగాక.