ఒక అక్షరం, ఒక పుప్పొడి తిత్తి

జనవరి తెల్లవారుజామున యాసంగి నారుమడి దగ్గర నిలబడితే తెలుస్తుంది, వరికి చలంటే ఎంత బెదురో. ఆకులు పసుపుబారి, నారు ఎదగక ముడుచుకుని ఉంటుంది. రాత్రంతా చల్లబడ్డ నీళ్లను రైతు పొద్దున్నే తీసేసి, గోరువెచ్చటి బోరు నీళ్లు పెడతాడు. మన దగ్గర ఈ తిప్పలు కొన్ని వారాలే. తెల్లహంస లాంటి ఓర్పు గల రకాలూ ఉన్నాయి.

జపాన్ ఉత్తరాన ఉన్న హొక్కైడో సంగతి వేరు. అది మంచు నేల. అక్కడ 1873లో నకయామ క్యూజో అనే రైతు, స్నానానికి కాచిన నీళ్లు మడిలోకి పారించి మరీ అకాగె అనే వరిని పండించాడు. మనిషి చేసిన ఆ పని గొప్పదే. అయితే చలిని ఎదుర్కోవడానికి మొక్క తన లోపల చేసుకున్న ఏర్పాట్లు చూస్తే నాకు ఇంకా ముచ్చటేస్తుంది.

వరి డీఎన్‌ఏలో దాదాపు 39 కోట్ల అక్షరాలున్నాయి. చలికి ఓర్చే జపానికా రకం నిప్పొన్‌బరేను, ఓర్వలేని ఇండికా రకం 93-11ను సంకరం చేసి, బీజింగ్‌లోని చోంగ్ కాంగ్ బృందం ఆ తేడా ఎక్కడుందో వెతికింది. 2015లో నాలుగో క్రోమోజోము మీద ఒక జన్యువును పట్టుకుని కోల్డ్1 అని పేరు పెట్టింది. అది తయారుచేసే ప్రొటీను కణం పైపొరలో కాపలా కూర్చుంటుంది. చలి తగలగానే పక్కనున్న జీ-ప్రొటీను అనే మరో ప్రొటీనుతో కలిసి కాల్షియాన్ని లోపలికి రప్పిస్తుంది. కణానికి అదే దండోరా. ఆ కబురు అందాకే చలిని కాచుకునే పనులు మొదలవుతాయి.

ఇక తేడా ఎక్కడ? ఆ ప్రొటీనులో 187వ స్థానంలో. జపానికాలో అక్కడ లైసీన్ అనే అమైనో ఆమ్లం ఉంటే, ఇండికాలో మెథియొనీనో థ్రియొనీనో ఉంటుంది. డీఎన్‌ఏ లెక్కలో చూస్తే మూడక్షరాల మాటలో నడిమి అక్షరం ఒక్కటే మారింది: జపానికాలో ‘ఏ’ ఉన్న చోట ఇండికాలో ‘టీ’ లేదా ‘సీ’. చైనా అడవి వరిలోనూ ఈ జపానికా అక్షరం కనిపించింది. చలికి చచ్చినవి పోగా, బతికిన మొక్కల గింజలనే దాచుకున్న పాతకాలపు రైతుల చేతుల్లో అది నిలిచింది. వాళ్లకు అక్షరం సంగతి తెలియదు, గింజ సంగతి తెలుసు.

కోల్డ్1 ఒక్కటే అంతా మోస్తుందని కాదు. చలిని తట్టుకునే గుణం వెనక చాలా జన్యువులున్నాయి. పైగా నారును కాపాడేది ఒకటైతే, పొట్ట దశను కాపాడేది మరొకటి.

అసలు గండం పొట్ట దశలోనే ఉంది. వెన్ను బయటికి రావడానికి పది పన్నెండు రోజుల ముందు పుప్పొడి తయారవుతూ ఉంటుంది. అప్పుడు వరసగా చల్లటి రోజులొస్తే, పుప్పొడికి మేత పెట్టే తిత్తి లోపలి పొర పాడై, పుప్పొడి చచ్చిపోతుంది. పైరు పచ్చగానే కనిపిస్తుంది, కంకి నిండా తాలు. 1993 వేసవి చలికి జపాన్‌లో పంట అలాగే దెబ్బతిని, థాయ్‌లాండ్ నుంచి బియ్యం తెప్పించుకోవాల్సి వచ్చింది. అందుకే హొక్కైడో రైతు పొట్ట దశలో నీటిమట్టాన్ని 20 సెంటీమీటర్ల దాకా పెంచి, ఆకుతొడుగులో దాగిన లేత వెన్నును నీళ్లలో వెచ్చగా ఉంచుతాడు. మనవాళ్లు చల్లటి నీళ్లు తీసేస్తే, వాళ్లు నీళ్లు నింపుతారు.

పొట్ట దశలో ఆదుకునే జన్యువుల్లో ఒకటి సీటీబీ1. పనికిరాని ప్రొటీన్లకు గుర్తు పెట్టి పారేయించే తరహా ప్రొటీనును ఇది తయారుచేస్తుందని 2010లో తేల్చారు. ఇదున్న మొక్కలో పుప్పొడి తిత్తులు పొడుగ్గా ఉంటాయి. వాటిలో పుప్పొడీ ఎక్కువే. చలికి కొంత పోయినా, గింజ కట్టడానికి సరిపడా మిగులుతుంది. వందమంది వస్తారని చెప్పినా నూటయాభై విస్తళ్లకు వండించే పెళ్లిపెద్ద లెక్క ఇది. కోల్డ్1 దండోరా ఎంత సొగసైనదైనా, నన్నడిగితే ఈ మోటు ముందుచూపుకే మొదటి మార్కు వేస్తాను.

హొక్కైడో పరిశోధకులు ఈ గుణాన్ని నోరిన్-పీఎల్8 అనే రకంలోకి తెచ్చుకున్నారు. ఆ గుణాన్ని ఇచ్చిన తల్లి వరి పేరు సిలేవా. అది మంచు దేశంలో పుట్టినది కాదు, భూమధ్యరేఖ మీదున్న ఇండోనేషియాది.